గుబురయ్యగారికి క్షమాభిక్ష

ఒక పెద్ద అడవిలో, మృగరాజు గుహకు కూతవేటు దూరంలో న్యాయస్థానం ఉండేది. న్యాయస్థానమంటే ఒక రాతిబండ. దాని మీద రాజుగారు ఎవరిని కూర్చోబెడితే వాళ్లే న్యాయమూర్తి.

కొన్నాళ్లు ఎలుగుబంటి గుబురయ్య కూర్చున్నాడు. ఆయన వాదనలు చెవులతో కాక ముక్కుతో వినేవాడు. ఎటు నుంచి తేనె వాసన వస్తే తీర్పు అటే. చిట్టెమ్మ అనే కుందేలు గోళ్లరిగేలా తవ్వుకున్న బొరియను, ఒక తేనెపట్టు పుణ్యమా అని ముళ్లపందికి రాసిచ్చేశాడు.

తర్వాత ఏనుగు విచారణ జరిపితే, గుబురయ్య మూతికంటిన మైనం బయటపడింది. ఉద్యోగం ఊడింది. తీర్పులన్నీ రద్దయ్యాయి. చిట్టెమ్మ తన బొరియలో మళ్లీ అడుగుపెట్టి, అక్కడే నలుగురు పిల్లల్ని కన్నది.

ఈలోగా సింహం పట్టాభిషేకానికి పదేళ్లు నిండాయి. ఆ వేడుకలో ఎవరో ఒకరిని క్షమించడం ఆ అడవి ఆనవాయితీ. మంత్రి నక్క గుబురయ్య పేరు పట్టుకొచ్చింది.

"పాపం, పశ్చాత్తాపంతో చిక్కి సగమయ్యాడు ప్రభూ. ఇదిగో విన్నపం."

విన్నపంలో ఇలా ఉంది: "మూతి తుడుచుకోకపోవడం నా తప్పే. ఇకపై తుడుచుకుంటానని మనవి."

సింహానికి కళ్లు చెమర్చాయి. వెంటనే పంజా ముద్ర వేసి, గుబురయ్యను మళ్లీ బండ ఎక్కించమంది. నక్క రాసిన ఉత్తర్వులో ఒకటే వాక్యం: "గుబురయ్య చేసిన తప్పు అసలు జరగనేలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

మర్నాడు పొద్దున్నే ముళ్లపంది చాప చంకన పెట్టుకుని చిట్టెమ్మ వాకిట్లో నిలబడింది.

"ఖాళీ చెయ్యమ్మా. తప్పే జరగనప్పుడు తీర్పు రద్దెలా అవుతుంది? ఈ బొరియ నాది."

"పిల్లలింకా కళ్లైనా తెరవలేదన్నా."

"మంచిదే. ఇల్లు మారినట్టు వాళ్లకు తెలియదు."

వానలు ముంచుకొస్తున్నాయి. పసికూనల్ని తీసుకుని ఎక్కడికి పోతుంది? చిట్టెమ్మ కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఉండగా, ఆనాడు కోర్టులో తన కేసుకు ముందు పిలిచిన కేసు గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని, దారిలో దుమ్ములగొండి చెవిన ఒక మాట వేసి న్యాయస్థానానికి వెళ్లింది.

బండ మీద గుబురయ్య, పక్కన ముఖ్య అతిథిగా సింహం కొలువుదీరి ఉన్నారు.

"అయ్యగారూ, చిన్న సందేహం. మీ పాత తీర్పులన్నీ చెల్లుతాయా, నా ఒక్కదాని మీద ఇచ్చిందేనా?"

గుబురయ్య రాజుగారి వైపు ఓరగా చూసి గొంతు సవరించుకున్నాడు. "ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం నా దగ్గర ఉండదమ్మా. అన్నీ చెల్లుతాయి."

సింహం మెచ్చుకోలుగా తల ఊపింది.

అప్పుడు వెనక నుంచి దుమ్ములగొండి పెళ్లాం పిల్లలతో సహా ముందుకొచ్చింది.

"అయితే మహారాజా, గుహ ఎప్పుడు ఖాళీ చేస్తారు? మీరు వేటకెళ్లిన వారంలో అయ్యగారు దాన్ని నాకు రాసిచ్చారు. రెండు తేనెపట్లు పట్టుకెళ్లాను."

గుబురయ్య బండ దిగే దారి వెతుక్కుంటున్నాడు.

"మంత్రీ, ఇతను తప్పు చేశాడా, లేదా?" అంది సింహం.

"చేశాడు ప్రభూ. క్షమించరాని తప్పు," అంది నక్క, ఉత్తర్వును అప్పటికే చింపేస్తూ.

చిట్టెమ్మ తీర్పు వినడానికి కూడా ఆగలేదు. పిల్లలకు పాలవేళయిందని పరుగున ఇంటికి పోయింది.

నీతి: తప్పును క్షమించే పెద్ద మనసు, ఆ తప్పు తన గుమ్మం తొక్కనంత వరకే.