మునక జయకుమార్ సాక్ష్యం

చెన్నై నుంచి వస్తున్న రైలు గూడూరు దాటాక జయకుమార్ తన భార్యను ఒక సాయం అడిగాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆయన ఆమెను చాలా సాయాలు అడిగాడు గానీ, ఇంత గొంతు తగ్గించి ఎప్పుడూ అడగలేదు.

"మగ్దలీనా, ఊళ్లో ఎవరన్నా అడిగితే సముద్రంలో మునిగింది నేనని చెప్దాం."

మగ్దలీనమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "మునిగింది నేను గదా?"

"నువ్వే. కాదని నేనంటానా? కానీ పోకముందే ఊరంతా చెప్పేసినా. ఇప్పుడు మునగలేదంటే నా మొహం యాడ పెట్టుకునేది?"

"నీళ్లలో పెట్టమన్నప్పుడు పెట్టుంటే ఈ బాధ ఉండేది కాదు."

జయకుమార్ ఇందుకూరుపేటలో ఇన్సూరెన్సు ఏజెంటు. మంచి మాటకారి. దారిన పోయే మనిషిని నిలబెట్టి, నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టి, కూర్చున్నవాడి చేత సంతకం పెట్టించగలడు. మగ్దలీనమ్మ ఆ మండలంలోనే నర్సు. చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది పిల్లలు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారు. "నర్సమ్మ మొగుడు వచ్చినాడు, కాదంటే బాగుండదు" అనుకుని పాలసీ తీసుకున్నవాళ్లే ఎక్కువ. ఈ సంగతి జయకుమార్‌కు తప్ప అందరికీ తెలుసు.

ఆ ఏడు ఆయన టార్గెట్ దాటినందుకు కంపెనీవాళ్లు దంపతులిద్దరికీ ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. చెన్నైలో ఎక్కితే శ్రీలంకలో రెండు రేవుల్లో ఆగి, మళ్లీ చెన్నైలో దింపే పెద్ద ఓడ. రెండో రేవు ట్రింకోమలీ. అక్కడ ఓడ ఆగిన పగటిపూట, ఇష్టమున్నవాళ్లు వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపలికి దిగి రావచ్చని కంపెనీ పంపిన కాగితంలో ఉంది. స్కూబా డైవింగ్ అంటారట. ఆ మాట నోరు తిరగడానికి జయకుమార్‌కు రెండు రోజులు పట్టింది. తిరిగాక నెల రోజులు ఆ నోరు ఆగలేదు. మైపాడు సముద్రం ఆయన ఇంటి నుంచి స్కూటరు మీద కాసేపటి దారి. అందులో ఆయన చీలమండ దాటి ఏనాడూ దిగలేదు. ఈ సంగతి కూడా ఆయన మరిచిపోయాడు.

ట్రింకోమలీలో చిన్న పడవ మీద ఒక దీవి దగ్గరికి తీసుకెళ్లారు. తమిళం మాట్లాడే శిక్షకుడు నీళ్ల కింద చెయ్యాల్సిన సైగలు నేర్పుతుంటే, జయకుమార్ రబ్బరు సూటులో రకరకాలుగా ఫోటోలు దిగుతూ ఉండిపోయాడు. తర్వాత నడుము లోతు నీళ్లలో నిలబెట్టి, గొట్టం నోట్లో పెట్టుకుని మొహం ఒక్కసారి ముంచమన్నారు. ముంచాడు. మరుక్షణం గొట్టం ఉమ్మేసి, శిక్షకుడి మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

మగ్దలీనమ్మ ఆయన కళ్లజోడూ బీపీ మాత్రలూ పట్టుకోవడానికి మాత్రమే వచ్చింది. టికెట్టు జంటకు కలిపి రాసి ఉందని, "మీరు వస్తారా అక్కా?" అని శిక్షకుడు అడిగాడు. ఆమె బ్యాగు తీసి భర్త ఒళ్లో పెట్టింది. చీర మార్చి ఆ సూటు తొడుక్కోవడానికి ఆమెకు పావుగంట పట్టింది. నీళ్లలోకి దిగడానికి మాత్రం ఏమీ పట్టలేదు.

"పైకి బుడగలు వస్తున్నంతసేపూ కింద అంతా బాగున్నట్టే" అని పడవవాడు చెప్పాడు. ఆ అరగంటా జయకుమార్ బుడగల మీద నుంచి కళ్లు తియ్యలేదు. ఎండ నెత్తిమీదకొచ్చినా టోపీ పెట్టుకోలేదు.

ఆమె పైకొచ్చి, అద్దం తీసి, "ఏమండీ, కింద ఎంత నిమ్మళంగా ఉందో" అంది. అంతే అంది.

నీళ్ల కింద తీసిన ఫోటోలో మొహానికి అద్దం, నోటికి గొట్టం, ఒంటికి నల్ల సూటు. అది మగ్దలీనమ్మో, జయకుమారో, మరొకరో చెప్పడం కన్నతల్లి తరం కూడా కాదు. రైల్లో ఆయనకు ధైర్యమిచ్చింది ఆ ఫోటోయే.

నెల్లూరు స్టేషన్ వస్తుండగా మగ్దలీనమ్మ సంచులు సర్దుతూ, "సరే, చెప్పుకోండి. నాకేం పోయింది?" అంది.

వారం తిరక్కుండా ఊళ్లో ఆయన పేరు మునక జయకుమార్ అయిపోయింది. సుబ్బు టీ కొట్లో ఆయన టీ గ్లాసు ఖాళీ అయ్యేది కాదు. మగ్దలీనమ్మ కింద ఒక తాబేలును చూసింది. అది ఆయన నోట్లో మంగళవారానికి రెండయింది, గురువారానికి ఆటో అంతయింది, ఆదివారానికి ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి కొంతదూరం ప్రయాణం చేశాడు.

ఒకరోజు బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలామె, "నర్సమ్మా, మీ ఆయన తాబేలెక్కి తిరిగినాడంట గదా! నువ్వు కూడా పొయ్యుంటే బాగుండు" అంది.

మగ్దలీనమ్మ ఆమె చేతికి పట్టీ చుట్టింది. నాకేం పోయింది అని రైల్లో అంది గానీ, ఏదో పోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తాబేలు తనది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఈ ఊళ్లో ఇప్పుడు తనకు ఒక్క మనిషి కూడా లేడు.

ఆ సాయంత్రం జయకుమార్ కథల సరుకు అయిపోయి ఆమె దగ్గరికొచ్చాడు.

"మగ్దలీనా, ఇంకేమన్నా చెప్పు. చెప్పిందే చెప్తుంటే వినేవాళ్లకు విసుగు గదా."

"అంతా చెప్పినాను."

"కింద బాగుందని చెప్పాలంటే సైగ ఎట్ట చెయ్యాల?"

శిక్షకుడు నేర్పింది ఆమెకు బాగా గుర్తుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాలి. ఆమె గిన్నె తోముతున్న చెయ్యి ఆపి, భర్త వైపు చూసింది.

"బొటనవేలు పైకెత్తాల. ఎత్తేకొద్దీ ఆ నేర్పినాయన ఇంకా లోతుకు తీసుకుపోతాడు."

"అబ్బా! ఆయన మాట్లాడతాడా?"

"చెవికాడికొచ్చి ఒక్కో చేప పేరూ మెల్లగా చెప్తాడు."

"నోట్లో గొట్టం ఉండాది గదా?"

"సుబ్బు నోట్లో బీడీ పెట్టుకుని మాట్లాడ్డా? అలవాటు."

జయకుమార్‌కు అది నిజమే అనిపించింది. సుబ్బు అలాగే మాట్లాడతాడు.

మరో పది రోజులకు, శనివారం మధ్యాహ్నం, పాస్టరు జ్ఞానప్రకాశం గారు స్కూటరు దిగి ఇంట్లోకి వచ్చారు. మగ్దలీనమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"జయకుమార్ గారూ, చేప కడుపులో పోయొచ్చిన యోనా తర్వాత అంత లోతుకు పోయి వచ్చింది మన సంఘంలో మీరే" అన్నారాయన. "రేపు ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి మీరు సాక్ష్యం చెప్పాలి."

జయకుమార్ గొంతులో మజ్జిగ అడ్డం పడింది. భార్య వైపు చూశాడు.

"చెప్తారు లెండి అయ్యగారూ" అంది మగ్దలీనమ్మ.

పాస్టరు గారు వెళ్లాక ఆయన కుర్చీలోంచి లేవలేదు. "చర్చిలో ఎట్ట చెప్పేది?"

"టీ కొట్లో ఎట్ట చెప్పినారో అట్నే."

"అది వేరు."

"ఏం వేరు?"

ఆ పూట ఆయన అన్నం సగమే తిన్నాడు. రెండే మాటలు చెప్పి దిగిపోదామని నిర్ణయించుకున్నాడు. ఓడలో పోయాము, క్షేమంగా వచ్చాము, దేవునికి స్తోత్రం. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాడు మైకు ముందు నిలబడ్డప్పుడు కూడా ఆయన ఉద్దేశం అదే. కానీ 'ఓడ' అనగానే మగవాళ్ల వైపు కుర్చీలు కిర్రుమన్నాయి. 'సముద్రం' అనగానే ఆడవాళ్ల వైపు చంటిపిల్లల్ని ఊరుకోబెట్టారు. అంతమంది అంత శ్రద్ధగా తన మొహంలోకి చూస్తుంటే, ఏజెంటుగా పాతికేళ్ల అలవాటు ఊరుకోలేదు. ట్రింకోమలీలో మునగలేని జయకుమార్ ఇందుకూరుపేట చర్చిలో మునిగాడు. తాబేళ్లు వచ్చాయి. శిక్షకుడు చెవిలో చేపల పేర్లు చెప్పాడు. ఆయన బొటనవేలు పైకెత్తాడు, శిక్షకుడు లోతుకు తీసుకుపోయాడు. మళ్లీ ఎత్తాడు, ఇంకా లోతుకు.

నాలుగో వరసలో ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. మైపాడు కుర్రాడు హెబ్రోను. ఏదో ఓడరేవులో ఓడల అడుగుభాగాలు శుభ్రం చేసే డైవరు. సెలవు మీద వచ్చాడు. తన పని గురించి ఊళ్లో మాట్లాడే మనిషి ఇన్నాళ్లకు దొరికాడని వాడి మొహం వెలిగిపోతోంది.

"అంకుల్, ఒక డౌటు. బొటనవేలు పైకెత్తితే నన్ను పైకి తీసుకుపొమ్మని గదా అర్థం?"

జయకుమార్ మైకు పట్టుకుని, "అట్నా?" అన్నాడు.

"ఎన్నిసార్లు ఎత్తినారు?"

"ఐదారు సార్లు."

హెబ్రోను మొహం పాలిపోయింది. "మనిషి పైకి తీసుకుపొమ్మని ఐదారు సార్లు మొత్తుకుంటే లోతుకు ఈడ్చకపోయినాడా! పైగా చెవిలో మాట్లాడినాడంటే గొట్టం తీసేసుంటాడు. వాడికి మతి పోయిందంకుల్. మీరు బతికి రావడమే ఎక్కువ!"

చర్చి అంతా ఉలిక్కిపడింది. ముందు వరసలో ఒక ముసలామె ఏడవడం మొదలుపెట్టింది. జ్ఞానప్రకాశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది అద్భుతం" అన్నారాయన. "మృత్యువు చేతిలోంచి మన సహోదరుణ్ణి దేవుడు లాగి ఇచ్చాడు. సంఘమంతా లేచి స్తోత్రం చెల్లిద్దాం."

అందరూ లేచారు. లేవలేని తాతను ఇద్దరు పట్టుకుని లేపారు. ఆడవాళ్లు కొంగులు తలమీద కప్పుకుని కళ్లు మూసుకున్నారు. జయకుమార్ ఎదురుగా అంతమంది, జరగని సంగతికి, నిజమైన కన్నీళ్లతో. కళ్లు తెరిచి ఉన్నది ఒక్క మగ్దలీనమ్మే. ఆమె కోపంగా చూడలేదు. ఎదురుచూస్తున్నట్టు చూసింది.

"కూర్చోండి" అన్నాడాయన. మైకులో కూడా ఆ మాట సరిగా వినపడలేదు. "అందరూ కూర్చోండి. మునిగింది నేను కాదు."

"మరి ఎవరు?" అన్నారు పాస్టరు గారు.

"మా ఇంటావిడ. నేను మొహం కూడా నీళ్లలో పెట్టలేకపోయినా. ఆమె బ్యాగు పట్టుకోని పడవలో కూర్చున్నా. బుడగలు చూస్తా కూర్చున్నా. ఒకసారి బుడగలు కొంచేపు రాలేదు. అప్పుడు నేను ప్రార్థన చేసినా. నేను చెప్పినదాంట్లో చెప్పాల్సింది అదొక్కటే, అదొక్కటే చెప్పలేదు."

ఆయన మైకు బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు. అప్పుడు పాస్టరు గారి భార్య, పాస్టరమ్మ క్యాథరిన్ గారు, "మగ్దలీనమ్మా, రా" అన్నారు.

మగ్దలీనమ్మ చర్చిలో ఎన్నడూ మాట్లాడి ఎరగదు. మైకుకు దూరంగానే నిలబడింది.

"ముప్పై ఏళ్లుగా వేరేవాళ్ల ఊపిరి చూస్తా ఉండాను. పుట్టిన బిడ్డ ఊపిరి, పోయే ముసలోళ్ల ఊపిరి. నా ఊపిరి ఎట్టుంటాదో నాకు తెలవదు. ఆడ కింద ఇంకేం వినపళ్లా. నా ఊపిరే. ఒక తాబేలు వచ్చింది. ఒకటే. ఇంతే ఉండాది." ఆమె చేతులతో చేటంత చూపించింది. జనం నవ్వారు. "అది నన్ను చూడను కూడా చూళ్లేదు. దాని దోవన అది పొయ్యింది. అరగంట సేపు నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. దేవునికి స్తోత్రం."

ఆమె వెళ్లి కూర్చుంది. ఈసారి ఎవరూ లేవమనకుండానే ఆడవాళ్లు లేచారు.

సాయంత్రానికల్లా ఊళ్లో మునక జయకుమార్ మునక్కాయ జయకుమార్ అయ్యాడు. పేరు పెట్టింది సుబ్బే. ఆ సంగతి కంటే, చర్చి నుంచి ఇంటికి వచ్చే దారిలో తెలిసిన సంగతి ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

"ఆ బొటనవేలు సంగతి..." అన్నాడు.

"కావాలనే తప్పు చెప్పినా."

"చెవిలో మాటలు?"

"అదీ నేనే. మీ చేత సాక్ష్యం చెప్పించమని పాస్టరమ్మను అడిగింది కూడా నేనే."

జయకుమార్ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "ఎందుకు?"

"ఇంకెక్కడా మీరు నిజం చెప్పరు. ఆడైతే చెప్తారని."

"చెప్పినా గదా!"

"చెప్పినారు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా."

కొంతదూరం నడిచాక ఆయన మళ్లీ అడిగాడు. "హెబ్రోనును పిలిపించింది?"

"నేను కాదు. వాడు సెలవు మీద వచ్చినాడని నాకు తెలవదు" అంది మగ్దలీనమ్మ. ఆ మాట అన్నాక ఇద్దరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చర్చి వైపు చూశారు.

ఆ వారమంతా జయకుమార్ టీ కొట్టుకు పోలేదు. శనివారం పొద్దున స్కూటరు తీసి, "మైపాడుకు పోదాం రా" అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

ఒడ్డున వలలు ఆరబోసి ఉన్నాయి. జయకుమార్ ప్యాంటు మడిచి, కళ్లజోడు ఆమెకిచ్చి, చీలమండ దాటి, పిక్కలు దాటి, మోకాళ్ల దాకా దిగాడు. మగ్దలీనమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పక్కనే దిగింది. ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. రెండు వేళ్లు నాడి మీదే ఉంచింది.

"గుండె దడదడలాడుతుండాది" అంది.

"నాకు తెలుసులే."

"అల పోయినాక. ఇప్పుడు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు తెరిచి, మొహం నీళ్లలో పెట్టాడు. ఆమె పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆయన ఎగిరి లేచాడు. ముక్కులోంచి, చెవుల్లోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. జుట్టు నిండా ఇసుక.

"ఏం కనపడింది?" అని అడిగింది మగ్దలీనమ్మ.

జయకుమార్ దగ్గి, ఉమ్మి, ఆలోచించాడు. చాలా కనపడ్డాయని చెప్పడానికి నోరు తెరిచాడు. మూశాడు.

"ఏం కనపళ్లా. బురద."

మగ్దలీనమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచి, కళ్లజోడు పెట్టింది.

"ఈ మునక మీదే. ఊరంతా చెప్పుకోండి" అంది.