ఫిర్యాదుల్లేని బడిలో ముంగిస పైడయ్య

ఒక పెద్ద అడవిలో ఒక హైస్కూలు ఉంది. అడవి ఎంత పెద్దదంటారా? ఈ చివర బయల్దేరిన ఫైలు ఆ చివరికి చేరేలోపు దాని మీద సంతకం పెట్టినాయన రిటైరైపోతాడు, అంత పెద్దది. ఆ బడికి ప్రభుత్వం వారు నలభై కంప్యూటర్లిచ్చారు. వాటిని చూసుకోవడానికి ఒకే ఒక్క ముంగిసనిచ్చారు. పేరు పైడయ్య. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి.

ఇంతమందిలో ముంగిసనే ఎందుకు తీసుకున్నారయ్యా అంటే, బల్లల కింద చుట్టలు చుట్టుకున్న వైర్లను చూసి మిగతా జంతువులన్నీ పాములనుకుని పారిపోయాయి. పైడయ్య ఒక్కడే పారిపోలేదు. అదే ఇంటర్వ్యూ.

పొద్దున బెల్లు కొట్టింది మొదలు అతని పేరు బడంతా మోగేది.

"ఓ పైడయ్యా! ఒకసారిలా రా నాయనా, తెర మీద బొమ్మ రావట్లేదు!" అని గేదె టీచరు మహాలక్ష్మమ్మ కేకేసేది.

వెళ్లి చూస్తే ప్రొజెక్టరుకి మూత తీయలేదు. పైడయ్య మూత తీశాడు. బొమ్మ వచ్చింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఇందాక నేను తీశానే! మళ్లీ ఎవరు పెట్టారో!" అని ఆవిడ పిల్లల వంక ఉరిమి చూసింది.

అట్నుంచి అటే హెడ్మాస్టరు గదికి పరుగు. హెడ్మాస్టరు ఎలుగుబంటి గారికి కంప్యూటరు మీద తేనె సీసా పెట్టుకునే అలవాటు. మూత సరిగా పెట్టరు. చీమలు బారులు తీరి కంప్యూటరు లోపలికి కాపురానికి వెళ్లిపోయేవి.

"దీనికి వైరస్ పట్టిందోయ్!" అన్నారాయన.

"వైరస్ కాదండి, చీమలండి."

"ఏదో ఒకటి పట్టిందా లేదా? నేను చెప్పింది అదే కదా!"

పైడయ్య డబ్బా విప్పి, చీమలని ఊది, తుడిచి, మళ్లీ బిగించాడు. వారానికి రెండుసార్లు ఇదే వ్రతం.

చేసిన ప్రతి పనినీ రిజిస్టరులో రాసి, పని చేయించుకున్నవారి చేత సంతకం పెట్టించుకోవాలి. ఏడాదికి రెండొందల సంతకాలుంటేనే ఉద్యోగం పొడిగిస్తారు. పైడయ్య రోజుకి ఇరవై పనులు చేసేవాడు. అయినా రిజిస్టరులో సంతకాలు పదకొండే ఉన్నాయి. దానికి కారణం 'కారణం' అనే గడి. అందులో మహానుభావుడు ఉన్నదున్నట్టు రాసేవాడు మరి!

"ఇదేంటయ్యా, 'ప్లగ్గు పెట్టకపోవుట వలన' అని రాశావు?" అంది మహాలక్ష్మమ్మ. "ఇరవయ్యేళ్ల సర్వీసు నాది. దీని మీద సంతకం పెడితే నా పరువేం కావాలి?"

"జరిగిందే రాశానమ్మా."

"జరిగిందల్లా రాస్తారా ఎక్కడైనా? రేపు చూద్దాంలే నాయనా."

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. ఇంటి దగ్గర పెళ్లాం నరసమ్మ రోజూ వాయించేది. "నిజం రాసి ఏం బావుకున్నావయ్యా? సాంకేతిక లోపం అని రాసి పారేయరాదూ? నెలాఖరుకి ఉద్యోగం ఊడితే పిల్లలకి నీ నిజాయితీ వండిపెట్టనా?"

పైడయ్యకి భయం లేక కాదు. రాత్రి కలలో కూడా ఆ రిజిస్టరే కనిపించేది. కానీ పెన్ను పట్టుకుంటే అబద్ధం వచ్చేది కాదు, పాపం.

ఇంతలో పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ బడిలో ఒక్క ఫిర్యాదూ ఉండదో ఆ బడికి 'ఫిర్యాదుల్లేని బడి' అని షీల్డు ఇస్తారట. ఎలుగుబంటి గారికి నోరూరింది. వెంటనే గుమాస్తా కొంగ ధ్యానేశ్వరరావుని పిలిచారు. ఇతను ఎప్పుడు చూసినా ఒంటికాలి మీద కళ్లు మూసుకునే ఉంటాడు. అందుకని భక్తుడనుకునేరు.

"ఫిర్యాదులు రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలోయ్?"

"కాగితం మీద రాయనిస్తేనే కదండీ వచ్చేది," అన్నాడు కొంగ. "ఇకమీదట ఫిర్యాదు కంప్యూటర్లోనే పెట్టాలని రూలు పెడదాం. అదీ, ఏ కంప్యూటరు పాడైతే ఆ కంప్యూటర్లోంచే."

పక్కనే ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగుతున్న పైడయ్య ఉండబట్టలేకపోయాడు. "పాడైన దాంట్లోంచి ఎలా పెడతారు సార్?"

కొంగ ఒక కన్ను తెరిచాడు. "పెట్టగలిగితే అది పాడవనట్టేగా?"

ఎలుగుబంటి గారు బల్ల గుద్ది మరీ మెచ్చుకున్నారు. ఆ రోజే రిజిస్టరుని బీరువాలో పెట్టి తాళం వేశారు. కేకలు మాత్రం ఆగలేదు. "ఓ పైడయ్యా!" అంటూనే ఉన్నారు, అతను పరిగెడుతూనే ఉన్నాడు. నెల తిరిగేసరికి ఫిర్యాదులు సున్నా.

నెలాఖరున కొంగ ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"ఫిర్యాదులే లేని బడికి నీతో పనేముంది పైడయ్యా? వెళ్లిరా."

పైడయ్యకి కళ్లనీళ్లు తిరిగాయి. స్క్రూడ్రైవరు సంచీలో వేసుకుని గేటు దాకా వెళ్లాడో లేదో, వెనక నుంచి మహాలక్ష్మమ్మ గొంతు.

"అయ్యో, నిజంగానే వెళ్లిపోతున్నావా నాయనా! ఎంత అన్యాయం! పోతూ పోతూ ఆ ప్రొజెక్టరు ఒకసారి చూసి పోరాదూ?"

చూశాడు. మళ్లీ మూతే. తీసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత షీల్డు ఇవ్వడానికి విద్యాధికారి రాబందు గారు దిగారు. దండలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి, జీడిపప్పు ఉప్మా అయింది. షీల్డు చేతికందాక ఎలుగుబంటి గారు దాన్ని వదల్లేదు.

"ఇంత గొప్ప బడి అడవిలో ఇంకోటి లేదు," అన్నారు రాబందు గారు మూతి తుడుచుకుంటూ. "నలభై కంప్యూటర్ల మీద ఒక్క ఫిర్యాదు లేదు! అందుకని ఈసారి అడవి మొత్తానికీ కంప్యూటరు పరీక్ష ఇక్కడే పెడుతున్నాం. వచ్చే సోమవారం. ఒక్క కంప్యూటరు మొరాయించినా హెడ్మాస్టరు గారిదే పూచీ."

ఎలుగుబంటి గారు అప్పుడు షీల్డు వదిలేశారు. పైడయ్య వెళ్లాక నలభైలో ఇరవై ఏడు కంప్యూటర్లు పడుకున్నాయి. మిగతా పదమూడు కూడా ఆవులిస్తున్నాయి.

అధికారి ఎగిరీ ఎగరగానే ఎలుగుబంటి గారు రొప్పుకుంటూ పైడయ్య కలుగు దగ్గరికి వెళ్లి, అంత శరీరాన్నీ వంచి లోపలికి తొంగి చూశారు.

"పైడయ్యా! నా పరువు నీ చేతిలో ఉందయ్యా. ఒక్కసారి వచ్చి చూసి పో."

పైడయ్య లేవబోయాడు. నరసమ్మ తోక పట్టుకుని కూలేసింది. "ఈసారన్నా అడగవయ్యా!"

దాంతో పైడయ్యకి ధైర్యం వచ్చింది. "వస్తానండి. ఒక్కో దానికీ ఒక్కో ఫిర్యాదు రాసి, కారణం రాసి, మీ సంతకం పెట్టాలండి. సంతకం లేకపోతే ప్లగ్గు కూడా ముట్టుకోను."

"నేను ఫిర్యాదు రాస్తే నా షీల్డు ఏమవుతుందయ్యా!"

"రాయకపోతే సోమవారం ఏమవుతుందో చూసుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎలుగుబంటి గారు బీరువా తీయించి, రిజిస్టరు దులిపించి, ఇరవై ఏడు సంతకాలు పెట్టారు. 'తేనె కారుట వలన' అన్న గడి దగ్గర మాత్రం ఒకసారి చుట్టూ చూసి మరీ పెట్టారు.

పైడయ్య మూడు రోజులు తిండీ తిప్పలూ లేకుండా పనిచేశాడు. సోమవారం నలభై కంప్యూటర్లూ గడియారంలా నడిచాయి. ఇంక ఉద్యోగం ఎక్కడికి పోతుందని నరసమ్మ గారెలకి పప్పు నానబోసింది.

పరీక్షకి వచ్చి రిజిస్టరు చూసిన పైవారు అక్కడికక్కడే రాసిచ్చిన కాగితం మర్నాడు కొంగ తెచ్చాడు. పైడయ్య గబగబా చదివాడు. 'ముంగిస లేనన్ని రోజులూ ఫిర్యాదులు సున్నా. వచ్చిన మూడు రోజుల్లో ఇరవై ఏడు. కావున ఫిర్యాదులకు కారకుడు ముంగిసయే అని పైవారు అభిప్రాయపడుచున్నారు. విచారణకు ఆదేశించడమైనది.'

పైడయ్య అక్కడే చతికిలబడి భోరుమన్నాడు. "నా తప్పేంటండీ? అన్నీ బాగుచేశానే!"

"ఏడవకోయ్ వెర్రివాడా, రెండో పేజీ చదువు," అన్నాడు కొంగ, ఈసారి రెండు కళ్లూ తెరిచి. "విచారణలో ఉన్న ఉద్యోగిని తీసేయడానికి వీల్లేదు. అది తేలేదాకా నీ కాంట్రాక్టు పొడిగించారు. విచారణాధికారి తాబేలు గారు. ముందటి విచారణకి బయల్దేరి తొమ్మిదేళ్లయింది, ఇంకా దారిలోనే ఉన్నారు."

ఆ సాయంత్రం పైడయ్య బడంతా గారెలు పంచాడు. గారె తిన్న టీచర్లందరూ అతని చెవిలో ఒకటే మాట అడిగారు, తమ మీద కూడా విచారణ వేయించుకోవాలంటే ఎవరిని పట్టుకోవాలని.

నీతి: ఉద్యోగం నిలవాలంటే పని చేస్తే చాలదు, నెత్తి మీద ఒక విచారణైనా ఉండాలి.