ఎనిమిది పాటల పంచాయితీ

ఆ ఉదయం ఉపేంద్ర వేసుకున్న పథకం చిన్నదే. తన మొదటి ర్యాప్ ఆల్బం ‘ఘాటు’ను సాయంత్రంలోగా వంద మందికి వినిపించాలి. లేకపోతే మేనమామ అమరేశ్వరరావు పురుగుమందుల కొట్టులో కూర్చోవాలి. కోటప్పకొండ తిరునాళ్ళ దాకా చూస్తానన్నాడు తండ్రి కోటయ్య. తిరునాళ్ళ రేపే. ఆల్బం ఇంటర్నెట్లో పెట్టి నెల దాటింది. విన్నవాళ్ళు పదకొండు మంది. అందులో తొమ్మిది మంది ఉపేంద్రే, వేరువేరు ఫోన్లలో.

అతనికి కంపెనీ లేదు, స్టూడియో లేదు. గొంతు గోడలకు కొట్టుకుని మోగకూడదని ఎండుమిరప టిక్కీలు, అదే బస్తాలు, పేర్చిన కొట్టంలో కూర్చుని పాడాడు. పాటకు రెండు చొప్పున తుమ్ములు పడ్డాయి. వాటినీ తాళంలో కలిపేశాడు. ర్యాప్ అంటే ఎవడో ఒక శత్రువుని తిట్టాలని వీడియోల్లో చూశాడు గాని, శత్రువులుండేంత పేరు అతనికింకా రాలేదు. చివరికి బీరువా అద్దం ముందు నిలబడి, అందులో కనబడినవాడినే ఎనిమిది పాటలు తిట్టాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది గంటలకు మైకు ఆటో యాసిన్‌ని పిలిచాడు.

“ఏం చెప్పాల్రా మైకులో?”

“చెప్పేదేం లేదు బాబాయ్. ఈ పెన్‌డ్రైవ్ పెట్టి ఊరంతా తిరుగు.”

యాసిన్‌ది ఇరవై ఏళ్ళ ఎన్నికల అనుభవం. పెద్దిళ్ళ ముందు ఆపి, మైకు గడప వైపు తిప్పి, సౌండు పెంచడం అతని పద్ధతి. మొదట అమరేశ్వరరావు ఇంటి ముందు ఆపాడు. ఆయన సర్పంచి పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయినవాడు.

“రెండుసార్లు ఓడినోడా, మీసం మాత్రం దించవేరా!” అంది మైకు.

అమరేశ్వరరావు చేతిలో ఇడ్లీ ముక్కతోనే బయటికొచ్చాడు. “ఎవుడ్రా అది? నా గడప ముందుకొచ్చి నన్నే దెప్పుతారా?”

ఇంట్లోంచి కేక వచ్చిందంటే స్పందన బాగుందని యాసిన్ లెక్క. సౌండు ఇంకాస్త పెంచి, హర్ష ఇంటికి పోయాడు. అక్కడ ఏడాదిగా ఇటుకల మీద నిలబడి ఉన్న ట్రాక్టరు ముందు, “కొన్న బండి కదలదురా, కోతలు మాత్రం ఆగవేరా!” అంది మైకు. వీరరాఘవమ్మ ఇంటి ముందు, “సూర్యుడొచ్చి నెత్తికెక్కె, నీకింకా తెల్లారదేరా!” అంది. తిరునాళ్ళకొచ్చిన ఆమె అల్లుడు సరిగ్గా అప్పుడే ఆవలిస్తూ అరుగు మీదికొచ్చాడు.

“ఒరేయ్ కోటయ్య కొడకా! మా అల్లుడు అలిగి బస్టాండుకు పోయాడ్రా!” అని గొంతు గుర్తుపట్టిన వీరరాఘవమ్మ వీధి వీధంతా వినపడేలా అరిచింది. దానికి మైకు అవసరం రాలేదు.

పది గంటలకల్లా ఊరు రెండుగా చీలింది. అమరేశ్వరరావుకి పడని పార్టీవాళ్ళు వచ్చి ఉపేంద్రకు శాలువా కప్పారు. ఆ తిట్లన్నీ తన గురించేనని ఉపేంద్ర ఒక్క మాట చెబితే గొడవ చల్లారేది. కాని అతనికది మొదటి శాలువా. నోరు రాలేదు.

మధ్యాహ్నం పాలకేంద్రం దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఊళ్ళో రాజీలన్నీ చేసే ఇమాం సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. “తిట్టు ఎవరిదో తేలాలంటే మొత్తం ఇనాల. ఎవరూ లేవొద్దు.”

ఊరంతా ఎండలో కూర్చుని ఎనిమిది పాటలూ, పదహారు తుమ్ములూ విన్నది. ఇమాం సాహెబ్ లైను లైనుకీ ఆపించి సాక్ష్యం తీసుకున్నాడు.

“రెండుసార్లు ఓడినోడెవరు?”

“నేనే” అన్నాడు అమరేశ్వరరావు.

“ఇంటరు ఇంగ్లీషు పరీక్షలో అంటన్నాడే ఇక్కడ?”

అమరేశ్వరరావు మీసం కిందికి దించుకున్నాడు.

“కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాచిందంట. హర్షా, నీ ట్రాక్టరుకి కిక్కుందా?”

“లేదు సాహెబ్.”

“పొద్దెక్కినా లెగవడంట. అమ్మ మూడుసార్లు కాఫీ ఎచ్చబెట్టిందంట. ఎవరమ్మా ఆ తల్లి?”

వెనక నుంచి ఉపేంద్ర తల్లి శాంతమ్మ చెయ్యెత్తింది. “మావాడే సాహెబ్. మూడు కాదు, నాలుగుసార్లు.”

తిట్టినవాడూ తిట్టించుకున్నవాడూ ఒక్కడేనని తేలింది. రాజీ కుదిరినట్టే కాబట్టి ఇద్దరినీ చేతులు కలపమన్నాడు ఇమాం సాహెబ్. ఉపేంద్ర తన రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టాడు. అవతలి పార్టీవాళ్ళు శాలువా అడిగి తీసుకున్నారు.

అంత అవమానంలోనూ అతను జనాన్ని లెక్కపెట్టడం మరవలేదు. “నాన్నా, రెండొందల ముప్పై మంది ఇన్నారు.”

“ఇనలేదురా, ఇనిపించారు. నడువు, మామ కొట్టుకి” అన్నాడు కోటయ్య.

అమరేశ్వరరావు అడ్డం వచ్చాడు. “ఆగు బావా. ఎనిమిది పాటలూ ఇన్నా. పొద్దున లెగవడు, ముట్టుకుంటే బండి చెడుద్ది, చెప్పింది చెవికెక్కదు. అన్నీ నిజమేనని ఊరంతా సాక్ష్యం. ఈణ్ణి కూర్చోబెడితే ఎవరి చేలో ఏ మందు పడుద్దో! చానా దణ్ణాలు, నాకొద్దు.”

మర్నాడు ఊరంతా కొండకు పోయాక, పదకొండున్నరకు, అయిదోసారి వేడిచేసిన కాఫీ తాగి ఉపేంద్ర రెండో ఆల్బం మొదలుపెట్టాడు.