కెటిల్ వాగులో అత్తగారి ఉంగరం

ఆ గురువారం మెర్విన్ ట్రెగెన్జా చేయవలసిన పనులు ఇవి. లాండ్రీ నుంచి సూటు తీసుకురావాలి. బౌల్స్ ఆట క్లబ్బు వాళ్లను అడిగి వాళ్ల పచ్చిక మీద మడత కుర్చీలు వేయించాలి. కుక్కకు స్నానం చేయించాలి. పెళ్లి పందిరి తాళ్లు బిగించాలి. వీటన్నిటికంటే ముందు అత్తగారి ఉంగరాన్ని నగల దుకాణంలో ఇచ్చి మెరుగు పెట్టించాలి. ఇవన్నీ భార్య నోరీన్ చెప్పినవి. ఆవిడ చెప్పనిది ఒకటి ఆయన తనంతట తానే కలుపుకున్నాడు: కొత్త డిటెక్టర్‌ను ఒకసారి పరీక్షించి చూడాలి.

శనివారం మనవరాలు టామ్‌సిన్ పెళ్లి. ఆ ఉంగరం నోరీన్ ముత్తాత కెటిల్ వాగులో తవ్వుకున్న బంగారంతో చేయించినది. నోరీన్ తల్లి బతికినంతకాలం అది ఆవిడ వేలు దిగలేదు. పోయే ముందు మాత్రం తనే తీసి, "ఇది టామ్‌సిన్ పెళ్లికి. మెర్విన్ చేతికి మాత్రం ఇవ్వకు" అని చెప్పి మరీ ఇచ్చింది. పెళ్లి పనుల హడావుడిలో నోరీన్ ఆ రెండో మాట మరచిపోయింది.

మెర్విన్ జీవితమంతా మా టాల్‌గూరాలో స్కూలు బస్సు నడిపాడు. రిటైరయ్యాక కాలు కాలిన పిల్లిలా తయారయ్యాడు. తెల్లవారకముందే లేచి, తన కారులో పాత బస్సు దారంతా తిరిగి, ప్రతి స్టాపులోనూ ఆగి, ఎవరూ ఎక్కకపోయినా కాసేపు చూసి కదిలేవాడు. ఇలా లాభం లేదని పాత సహోద్యోగులంతా కలిసి ఆయనకు బంగారం వెతికే డిటెక్టర్ కొనిచ్చారు. పాత బంగారు గనులున్న విక్టోరియాలో ఈ పక్క ఊళ్లలో రిటైరైనవాళ్లకు అది మామూలే. కొందరు మోకాళ్ల నొప్పులతో సరిపెట్టుకుంటారు, మిగిలినవాళ్లు డిటెక్టర్ పట్టుకుని అడవిలో పడతారు.

యంత్రంలో బంగారం గొంతు ఎలా ఉంటుందో ముందు నేర్చుకోవాలని బంగారం వెతికేవాళ్ల క్లబ్బులో చెప్పారు. కాస్త బంగారాన్ని జానెడు లోతున పూడ్చి, దాని మీదుగా యంత్రాన్ని ఆడించి, ఆ కూత ఎలా ఉంటుందో చెవికి అలవాటు చేసుకోవాలట. మెర్విన్ దగ్గర బంగారం లేదు. జేబులో అత్తగారి ఉంగరం ఉంది. నగల దుకాణానికి వెళ్లే దారి పక్కనే కెటిల్ వాగు ఉంది.

ఆయన కారు ఆపి, వాగు వైపు నాలుగడుగులు దిగి, ఉంగరాన్ని పూడ్చాడు. తవ్విన గుంతను జాడ తెలియకుండా పూడ్చడం ఈ పనిలో మొదటి నియమం. అందరూ కాలితో ఇంత మట్టి తోసి, చెప్పుతో తొక్కి పోతారు. మెర్విన్ అలా కాదు. ఏ నియమం చెప్పినా తు.చ. తప్పకుండా చేసే మనిషి. మట్టిని అరచేత్తో చదును చేసి, దాని మీద యూకలిప్టస్ ఆకులను ఒక్కొక్కటే పరిచాడు. పని పూర్తయ్యాక తనే మెచ్చుకున్నాడు. అక్కడ భూమి పుట్టినప్పటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టనట్టే ఉంది.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఉంగరం ఇచ్చావా?" అంది నోరీన్.

"ఇచ్చా... అంటే, ఇస్తున్నా."

"ఇచ్చావా, ఇస్తున్నావా?"

"దారిలో ఉన్నానే."

"దారిలో పిట్టలు అంత దగ్గరగా అరుస్తున్నాయేంటి?"

"కారు అద్దం దించా."

ఫోన్ మాట్లాడుతూ ఒకచోట నిలబడటం మెర్విన్‌కు చేతకాదు. మాట మాటకూ నాలుగు అడుగులు వేస్తాడు. దానికి తోడు అది మాగ్‌పై పిట్టలు గూళ్లు కట్టే కాలం. మనిషి నెత్తి కనబడితే చాలు, వెనక నుంచి వచ్చి పొడుస్తాయి. ఊళ్లో అందరిలాగే ఆయన కూడా ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాను నెత్తిన బోర్లించుకుని, దాని వెనకవైపు రెండు కళ్లు గీసుకుని ఉన్నాడు. ఆ రోజు వచ్చిన పిట్టకు ఆ కళ్లంటే భయం లేదు. అది డబ్బా మీద ఠక్కున పొడవడం, ఈయన పరుగెత్తడం, నోరీన్ "ఏంటా చప్పుడు?" అనడం, "ఇంజను" అని ఈయన చెప్పడం, చెట్ల చుట్టూ తిరగడం, అంతా ముగిసేసరికి ఆయన ఒక చెట్టు కింద రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఏ చెట్టో తెలియదు. చుట్టూ ఉన్నవన్నీ ఒకేలాంటి చెట్లే. కింద ఉన్నవన్నీ ఒకేలాంటి ఆకులే.

పరవాలేదు, యంత్రం ఉంది కదా అనుకున్నాడు. యంత్రం ఉంది. కానీ కెటిల్ వాగు నిండా ఇనుపరాళ్లు కూడా ఉన్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అడుగు వేస్తే కూత, ఆగితే కూత. ఆయన మోకాళ్ల మీద కూలబడి తవ్వడం మొదలుపెట్టాడు. తూటా తొడుగు, సార్డిన్ చేపల డబ్బా మూత, గుర్రపు నాడా ముక్క, తర్వాత రాయి, మళ్లీ రాయి. ప్రతి గుంతనూ నియమం ప్రకారం పూడ్చాడు కూడా.

అలా మట్టికొట్టుకుని ఉండగా బాట మీద చిన్న ట్రక్కు ఆగింది. అందులోంచి క్లారీ హాకింగ్ తల బయటపెట్టాడు. పెళ్లీ పెటాకులూ లేకుండా బంగారం వెంట తిరిగి ముసలివాడైన మనిషి.

"ఏరా మెర్వ్! ఏమైనా తగిలిందా?"

"లేదు. ఏమీ లేదు."

క్లారీ కళ్లు చిన్నవయ్యాయి. "ఏమీ లేదా?"

"ఒక్క మేకు కూడా లేదు. ఊరికే నడుద్దామని వచ్చా."

"మోకాళ్ల మీదా?"

మెర్విన్ మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. క్లారీ ఇంకేమీ అడగకుండా, టోపీ కాస్త ఎత్తి, ట్రక్కును మర్యాదగా, చప్పుడు చేయకుండా తీసుకుని వెళ్లిపోయాడు.

మా ఊరి సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. బంగారం దొరకనివాడు మా దగ్గర సాయంత్రమంతా మాట్లాడతాడు. ఇంత ముద్ద చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయిందంటాడు, వచ్చే వారం చూడండంటాడు. దొరికినవాడు ఒకే మాట అంటాడు: "ఏమీ లేదు." మరీ పెద్దది దొరికితే, "ఒక్క మేకు కూడా లేదు" అంటాడు.

మధ్యాహ్నానికి బేకరీ కబుర్లలో మెర్విన్‌కు దొరికిన ముద్ద కోడిగుడ్డంత ఉంది. సాయంత్రం బారులో అది బూటంత అయింది. నోరీన్ పాల కోసం దుకాణానికి వెళితే తెలియనివాళ్లు కూడా చెయ్యి కలిపారు. ఆవిడ ఇంటికి వచ్చి తలుపు వేసి, పరదా కూడా లాగింది.

"మెర్వ్, ఏం దొరికింది?"

"ఏమీ లేదు" అన్నాడు మెర్విన్, తల దించుకుని.

నోరీన్ కూడా ఈ ఊరి పిల్లే. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అలాగే, అలాగే. ఏమీ లేదు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మరి ఉంగరం?"

"దుకాణంలో ఉంది."

"అమ్మ దొంగా! ఆ కొత్త బంగారం కలిపి ఉంగరం లావు చేయిస్తున్నావు కదూ?"

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ ఆ నోటిని చేత్తో మూసి, నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆపైన ఫోన్ తీసుకుని వంటవాళ్లతో ఇంకో గొర్రెను కాల్చమని, వీధి చివర బ్యాగ్‌పైప్ వాయించే ఆయనను శనివారం రమ్మని చెప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా బ్యాగ్‌పైప్ కూడానా అని మెర్విన్ కుర్చీలో కూలబడ్డాడు. కూలబడి మళ్లీ లేచాడు. ఆ సాయంత్రం ఆయన ఎక్కడా కూర్చోలేకపోయాడు.

శుక్రవారం పొద్దున్నే వాగుకు వెళితే కారు పెట్టడానికి చోటు లేదు. కారవాన్లు, ట్రక్కులు, గుడారాలు. చెట్టు చెట్టుకూ ఒక మనిషి, మనిషి మనిషికీ ఒక హెడ్‌ఫోను, నెత్తి నెత్తికీ ఒక ఐస్‌క్రీమ్ డబ్బా. అన్ని డబ్బాల వెనకా కళ్లే. మాగ్‌పై ఏ నెత్తిని పొడవాలో తెలియక కొమ్మ మీద నోరు తెరుచుకుని కూర్చుంది.

మెర్విన్ నేరుగా క్లారీ దగ్గరికి వెళ్లి హెడ్‌ఫోను లాగేశాడు.

"క్లారీ, నీకు దండం పెడతా. నిజం చెబుతున్నా, విను. ఇక్కడ బంగారం లేదు. నేను వెతికింది మా అత్తగారి ఉంగరం. నేనే పూడ్చి, నేనే పోగొట్టుకున్నా."

క్లారీ చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నవ్వు నీళ్లు.

"తవ్వుతుండగా ఎవరైనా చూస్తే మా నాన్న తన గడియారం పోయిందనేవాడు. పక్కూరి డగ్లస్ కట్టుడుపళ్లు పోయాయనేవాడు. ఒరేయ్, ఇన్నేళ్లలో ఇంత అందమైన అబద్ధం వినలేదురా! అత్తగారి ఉంగరమట! నువ్వే పూడ్చావట!" అని పక్కవాడిని పిలిచాడు. "విన్నావా, మనవాడు అత్తగారి ఉంగరం వెతుకుతున్నాడట!"

పక్కవాడు ఆ పక్కవాడికి చెప్పాడు. గడియ తిరిగేసరికి వాగంతా అదే పాట.

"ఏం వెతుకుతున్నారు బాబాయ్?"

"మా అత్తగారి ఉంగరం. మరి మీరో?"

"మా అత్తగారిదీ ఇక్కడే పోయింది!"

"నాకైతే ఇద్దరు అత్తగార్లు. రెండు ఉంగరాలు!"

మెర్విన్ వాళ్ల మధ్య చెట్టు నుంచి చెట్టుకు తిరిగాడు. ఎవరు వంగినా ఆగి చూసేవాడు. వీళ్లలో ఎవరికైనా ఉంగరం తగిలిందే అనుకుందాం. తగిలినవాడు ఏమంటాడు? ఏమీ లేదంటాడు. రేపు ఈపాటికి టామ్‌సిన్ చెయ్యి చాపుతుంది. చిన్నప్పుడు బస్సులో తన వెనక సీటులో కూర్చుని, "తాతా, మెల్లగా పోనీ" అని భుజం మీద వేసిన చెయ్యి అది.

మధ్యాహ్నం నోరీన్ శాండ్‌విచ్‌ల బుట్టతో వచ్చింది. క్లారీ ఆవిడకు కూడా ఆ ఉంగరం మాట చెప్పి, నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. దూరంగా మొగుడు చెట్టు చెట్టుకూ తిరగడం కాసేపు చూసింది. బుట్ట అక్కడ పెట్టి, ఆకలిగా ఉన్నవాళ్లు తినండని చెప్పి, నిలిపిన కార్ల వైపు నడిచి వెళ్లింది. ఆమె ఎప్పుడు ఇంటికి పోయిందో ఎవరూ గమనించలేదు.

శనివారం మెర్విన్ సూటు వేసుకుని, నెత్తిన ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టుకుని, సూర్యుడితోపాటు మళ్లీ వాగుకు వెళ్లాడు. అక్కడి నుంచి నేరుగా పెళ్లికి వచ్చాడు. సూటు మోకాళ్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. బౌల్స్ క్లబ్బు పచ్చిక మీద పందిరి, కుర్చీలు, బ్యాగ్‌పైప్, రెండు గొర్రెలు, అన్నీ సిద్ధం. వెనక వరుసల నిండా వాగు జనమే. బంగారం దొరికిన ఇంటి పెళ్లి కదా అని నోరీన్ అందరినీ పిలిచింది.

పెళ్లి జరిపించే ఆవిడ "ఉంగరం?" అని అడిగింది.

మెర్విన్ లేచి నిలబడ్డాడు. "ఆపండి!" అన్నాడు. బ్యాగ్‌పైప్ కూడా ఒక్క మూలుగు మూలిగి ఆగింది.

"టామ్‌సిన్, తల్లీ, నన్ను క్షమించు. నాకు బంగారం దొరకలేదు. ఉన్న బంగారం కూడా పోగొట్టాను. మీ ముత్తవ్వ ఉంగరం కెటిల్ వాగులో ఉంది. అక్కడి నుంచే వచ్చింది, నేను మళ్లీ అక్కడికే చేర్చాను."

వెనక వరుసలు గొల్లుమన్నాయి. ఎవరో ఈల వేశారు. "ఇంకా వదల్లేదురా వీడు!" అని క్లారీ లేచి చప్పట్లు కొట్టాడు. టామ్‌సిన్ మాత్రం నవ్వలేదు. తాత మోకాళ్ల మీది మట్టి ఆ పిల్లకు కనబడుతోంది.

నోరీన్ చేతిసంచి తెరిచింది. రుమాలు తీసింది. రుమాలు మడతలోంచి ఉంగరం తీసి, పెళ్లికొడుకు అరచేతిలో పెట్టింది. దాని అంచున ఇంకా కాస్త ఎర్రమట్టి ఉంది.

మెర్విన్ దగ్గరికి వచ్చాడు. "నోరీన్... ఇది... ఎక్కడ దొరికింది?"

ఆవిడ పందిరి పైకప్పు వైపు చూసింది. "దొరకడమేంటి? నాకేం దొరకలేదు. ఒక్క మేకు కూడా దొరకలేదు."

వెనక వరుసల్లో నవ్వు టక్కున ఆగింది. మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కేకు కోసేసరికి అక్కడ సగం కుర్చీలు ఖాళీ. బాట మీద ట్రక్కులు వాగు వైపు బారులు తీరాయి. రెండో గొర్రె అలాగే మిగిలిపోయింది.

డాన్సు చేసేటప్పుడు మెర్విన్ ఆమె చెవిలో అడిగాడు. "నిజం చెప్పు. అంతమంది యంత్రాలకు దొరకనిది నీకెలా దొరికింది?"

"నిన్ను యాభై ఏళ్లుగా చూస్తున్నా. అంత మంచి అబద్ధం నీ బుర్రలో పుట్టదు. అందుకే నిజమని తెలిసింది" అంది నోరీన్. "ఇక చోటంటావా, పోయి పోయి నువ్వు కారు పక్కనే పూడ్చి, చెట్ల మధ్య వెతికావు. అంతా అక్కడే బండ్లు పెట్టారు. ఇనుము పక్కన యంత్రం ఎవడు ఆడిస్తాడు? అడవంతా ఆకులు చెత్తగా పడి ఉంటే, రెండు బండ్ల మధ్య ఒక్క చోట మాత్రం నువ్వు దుప్పటి పరిచినట్టు అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం బుట్టలోని చెంచాతో తవ్వా."

"నిన్న మధ్యాహ్నమే దొరికితే నిన్ననే చెప్పొచ్చుగా!"

"దుకాణంలో ఉందన్నావు. పోయి తెస్తావేమోనని చూశా" అంది నోరీన్, కాస్త గట్టిగా ఆయన కాలు తొక్కుతూ.

ఇది జరిగాక మెర్విన్ యంత్రాన్ని క్లారీకి ఇచ్చేశాడు. పొద్దున్నే లేచి, టామ్‌సిన్ ఇంటిదాకా నడిచి, ఉంగరం వేలికి ఉందో లేదో చూసి వస్తున్నాడు. క్లారీ మాత్రం కెటిల్ వాగు వదల్లేదు. ఆ శనివారం కేకు తినకుండా పోయినవాళ్లలో ముందున్నది అతనే. అప్పటి నుంచి బారులో ఒక్క కథా చెప్పడం లేదు.

మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళ్లి, నెత్తిన ఐస్‌క్రీమ్ డబ్బాతో మోకాళ్ల మీద ఉన్న మనిషి "అత్తగారి ఉంగరం పోయింది" అంటే నవ్వకండి. మా మెర్విన్‌ను గుర్తు చేసుకుని, ఆ మనిషితోపాటు కాసేపు వెతకండి. ఆ మాట అన్నది క్లారీ అయితే మాత్రం, అతనికి అత్తగారు లేరని గుర్తుపెట్టుకోండి.