రెండు వాట్ల సంసారం

మన మాట ఎవరూ వినకపోవడం ఒక వరం! నవ్వకండి. దీన్ని నేను స్వయంగా ప్రయోగం చేసి నిరూపించాను.

లోకమంతా గొంతు చించుకుని అరుస్తోంది. పక్కింటాయన ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరి మెకానిక్ జవాబు చెబుతాడు. ఇంత గోలలో నేను మాత్రం హామ్ రేడియో పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, అరచేతిలో పట్టే రేడియో ట్రాన్స్‌మిటర్ కిట్ తెప్పించుకున్నాను. దాని పవర్ రెండే రెండు వాట్లు. మా బాత్రూం బల్బు కూడా దాన్ని చూసి జాలిపడుతుంది.

ఇందులో లాభమేమిటంటారా? మొదట ఇంట్లో శాంతి. కిట్ బిగించుకోవాలంటే, అందులోని ఉంగరమంత రింగుకి సన్నటి తీగ ఇరవై ఒక్క చుట్లు చుట్టాలి. పదిహేడో చుట్టు దగ్గర ఎవరు పలకరించినా లెక్క తప్పి కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని చెయ్యెత్తి ఆపేస్తాను. గ్యాస్ అయిపోయినా, గోడ కూలినా, చుట్లు పూర్తయ్యాకే! ఈ గౌరవం మా ఆఫీసులో మేనేజర్‌కైనా ఉందా?

తర్వాత ట్యూనింగ్. ఇనప స్క్రూడ్రైవర్ ముట్టిస్తే రీడింగ్ మారిపోతుందని, ప్లాస్టిక్ దాంతో వెంట్రుకవాసి తిప్పుతూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. మా ఆవిడ ఏదో అంటుంది. నేను "ఊఁ" అంటాను. సంసారం సాఫీగా సాగిపోతుంది.

ఆఖరికి మీటరు ముల్లు నిటారుగా లేచింది. మోర్స్ మీట నొక్కుతూ టకటకా పిలవడం మొదలుపెట్టాను: ఎవరైనా ఉన్నారా? ఒక్కరూ పలకలేదు. పక్కనున్న రిసీవర్‌లో మాత్రం ప్రపంచమంతా కబుర్లాడుకుంటోంది, నాతో తప్ప! పద్దెనిమిది రోజులు పిలిచాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చినంత పనైంది.

పందొమ్మిదో రోజు ఉదయం, నాకు పాఠాలు చెప్పిన రేడియో మాస్టారు వచ్చి పెట్టె వెనక్కి తొంగిచూశారు.

"యాంటెన్నా వైరేదండీ?"

అది మేకుకి వేలాడుతోంది. దాని చోట డమ్మీ లోడ్ ఉంది. ట్యూనింగ్ చేసేటప్పుడు మన సిగ్నల్ ఊరి మీద పడకుండా మింగేసే రెసిస్టర్ అది. ఎంత పంపినా పుచ్చుకుని కాస్త వేడెక్కుతుంది, అంతే.

"ఇన్నాళ్లూ మీరు దీంతోనే మాట్లాడారన్నమాట!" అన్నారు మాస్టారు.

సిగ్గుపడ్డానా? లేదు! ఇంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు? మధ్యలో అడ్డు రాడు, సలహాలివ్వడు, తన మోకాలి నొప్పి సంగతి ఎత్తుకోడు. ఇలాంటిది ఇంటికొకటి ఉండాలన్నాను.

"మనింట్లో ఎప్పట్నుంచో ఉందిగా," అంది పక్క గదిలోంచి మా ఆవిడ. "నేనేం చెప్పినా మింగేసి వేడెక్కుతుంది."

తొంగిచూస్తే ఆవిడ సూట్‌కేసు సర్దుతోంది.

"ఎక్కడికి?"

"ట్రైనింగుకి. మూడు నెలలు. సోమవారం చెప్పాను, 'ఊఁ' అన్నారు. గురువారం చెప్పాను, చెయ్యెత్తారు. బస్సు నాలుగింటికి."

ఈలోగా మాస్టారు వైరు తగిలించి, "ఇప్పుడు పిలవండి," అన్నారు. పిలిచాను. నిమిషంలో సముద్రం అవతలి నుంచి ఒకాయన పలికాడు! సన్నగా వినిపిస్తున్నారు, మళ్లీ చెప్పండి అని బతిమాలుతున్నాడు. పద్దెనిమిది రోజులుగా నేను కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి! ఏం లాభం? మీట మాస్టారికి అప్పగించి లేచాను.

పక్క గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

"మళ్లీ చెప్పు, ఈసారి వింటాను," అన్నాను.

మా ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ సంవత్సరం నుంచి?" అంది.