రివర్సు లైట్లు, పిన్ని గొంతు

బేకరీకి సెలవైన రోజు పొద్దున్నే, పిన్ని నిద్రలేచేలోగా, బండి వెనక రెండు అదనపు లైట్లు బిగించేయాలని బాబాయి అనుకున్నాడు. నాలుగు నట్లు, రెండు వైర్లు, అంతే పని. దాని పుణ్యమా అని మధ్యాహ్నంలోగా సందంతా వాహనాలతో బిగుసుకుపోతుందనీ, తన కాపురం కూలిపోయిందని బంధువులు బయల్దేరి వస్తారనీ ఆయనకేం తెలుసు.

ఆ సందులో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. బాబాయికి ఒక పికప్ బండి ఉంది. తెల్లవారకముందే బేకరీకి వెళ్ళి, రొట్టెల ట్రేలు ఎక్కించుకుని దుకాణాలకు వేసి రావడం ఆయన వృత్తి. చిక్కల్లా ఇంటి దగ్గరే. ఇల్లు సందు చివర. ఆ సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురు ఇళ్ళవాళ్ళు కిటికీల్లోంచే అగ్గిపెట్టె అందుకుంటారు. లోపలికి ముందుకు వచ్చిన బండి బయటికి వెనక్కే పోవాలి. అందుకని రోజూ చీకట్లో పిన్ని శాలువా కప్పుకుని బండి వెనక నడుస్తూ, "రానీ... రానీ... ఎడమ కొట్టు... చాలు, ఆగు" అంటూ రోడ్డు దాకా సాగనంపేది. ఇంట్లో మొగుణ్ణి "మీరు" అని తప్ప పిలవని మనిషి బండి వెనకకు వెళ్ళగానే "నువ్వు"లోకి దిగేది. ఆ మాటలు బండితోనని పిన్ని అనుకునేది, తనతోనని బాబాయి అనుకునేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ తేల్చుకోలేదు.

ఆ మధ్య ఒక వాన తెల్లవారుజామున ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది. బాబాయి బ్రేకు తొక్కాడు. దిగి చూస్తే, చక్రానికి పక్కనే పిన్ని జారిపడి కూర్చుని చెప్పు వెతుక్కుంటోంది. "ఏం లేదు, పదండి, రొట్టెలకు ఆలస్యం" అంది. లేచి దులుపుకుని ఆవిడ ఆ సంగతి అక్కడే వదిలేసింది. బాబాయికి మాత్రం అప్పటినుంచి అన్నం సయించడం లేదు. భయపడ్డానని చెప్పడానికి నోరు రాలేదు. కొందరు మగవాళ్ళకు భయం వేస్తే మాటలు రావు, నట్లూ బోల్టులూ గుర్తొస్తాయి.

వీధి మొదట్లో ఉండే ఎలక్ట్రీషియను చెయ్యి పెట్టిన చోటల్లా ఫ్యూజు పోతుందని అతనికి ఫ్యూజు అన్న పేరే స్థిరపడింది. అతను వచ్చి లైట్లు బిగించి, రివర్సు గేరుకు కలిపి, తాళం తిప్పి గేరు వేసి చూపించాడు. గోడ మీది బల్లి మిట్టమధ్యాహ్నమైందనుకుని చూరులోకి పోయింది.

సరిగ్గా అప్పుడే పిన్ని రెండు టీ గ్లాసులతో బయటికి వచ్చింది.

"ఏమిటండీ ఇది?"

బాబాయి ఎన్నాళ్ళుగానో కూడబలుక్కున్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడ చితికిపోయి, ఇంకో ఆకారంలో బయటపడింది. "ఇక నువ్వు వెనక నిలబడక్కర్లేదు. లైట్లు చూసుకుంటాయి."

"అంటే నేను అక్కర్లేదా?"

"అక్కర్లేదనే కదా ఇవి పెట్టించింది" అన్నాడు బాబాయి, సంతోషపెడుతున్నాననుకుని.

పిన్ని ఒక గ్లాసు ఫ్యూజు చేతిలో పెట్టింది. రెండోది పట్టుకుని వచ్చిన దారినే లోపలికి వెళ్ళింది.

"బాబాయ్, నీ టీ వెళ్ళిపోయింది."

"తెస్తుందిలేరా."

"ఆ నడక తెచ్చే నడకలా లేదు" అన్నాడు ఫ్యూజు, ఊదుకుంటూ.

లోపల పిన్ని తన అన్నయ్యకు ఫోను చేసింది. నాలుగు ఓదార్పు మాటలు విందామనే తప్ప వేరే ఉద్దేశం లేదు. "ఎండనక వాననక ఇన్నేళ్ళు ఆయన వెనక నిలబడ్డాను అన్నయ్యా. ఇవాళ బయటివాడి ముందు, ఇక అక్కర్లేదు పొమ్మన్నారు." ఆ "పొమ్మన్నారు" ఆవిడ కలిపిందే. కడుపు మండినప్పుడు ఒక మాట ఎక్కువే పడుతుంది. లైట్ల సంగతి చెప్పబోయేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. "సంచి సర్దుకో, వస్తున్నా" అని అన్నయ్య ఫోను పెట్టేశాడు.

ఆ అన్నయ్య ఇన్సూరెన్సు ఏజెంటు. నష్టం జరిగిందని వింటే ముందు సామాను సంగతి చూసే మనిషి. దారిలో ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు. ఆటోవాడు తాళ్ళు సర్దుకునేలోగా బాబాయి వాళ్ళ అక్కయ్యకు ఫోను చేసి, "మీ తమ్ముడు మా చెల్లెల్ని వెళ్ళగొట్టాడు, మీకు తెలిసే జరిగిందా?" అని నిలదీశాడు. అక్కయ్యకు తమ్ముడి కాపురం పోయిందన్న బాధ ఒక ఎత్తు, తనకు చెప్పకుండా పోయిందన్న బాధ ఒక ఎత్తు. ఆవిడా కారు తీసింది.

ముందు అన్నయ్య కారు సందులోకి దూరి పికప్ వెనక ఆగింది. దాని వెనక ట్రాలీ ఆటో.

"ఏంటి బావా, చెప్పా పెట్టకుండా?" అని బాబాయి ఎదురు వెళ్ళాడు. "ఆ ఆటో ఎందుకు?"

"సామానుకు. కుట్టుమిషను దానిదే కదా?"

"దానిదే. అయితే?"

"అయితే ఏంటి బావా. అసలు మా చెల్లెలు నీకేం లోటు చేసింది?"

"ఏ లోటూ చేయలేదే."

"మరి ఎందుకు వద్దన్నావు?"

"ఇన్నాళ్ళు చేసింది చాలు, ఇకనైనా హాయిగా ఉంటుందని."

"ఎక్కడ ఉంటుంది?"

"ఇంట్లో."

"ఎవరింట్లో?"

బాబాయి తల గోక్కున్నాడు. ఆయనకు తన ఇల్లు తప్ప ఇంకో ఇల్లు తట్టలేదు. ఇంతలో ఆటో వెనక అక్కయ్య కారు వచ్చి ఆగింది. ఆవిడ అద్దం దించి, "ఒరేయ్, నేను బతికుండగానే ఇంత పని చేస్తావా" అని అక్కడినుంచే మొదలుపెట్టింది.

ఇంతమంది తన పనితనం చూడటానికే వచ్చారనుకున్నాడు ఫ్యూజు. బండెక్కి, తాళం తిప్పి, రివర్సు గేరు వేశాడు. రెండు లైట్లూ భగ్గున అన్నయ్య ముఖాన పడ్డాయి. ఇంజను ఆగే ఉందని గానీ, బాబాయి తన పక్కనే నిలబడి ఉన్నాడని గానీ ఆయనకు తోచలేదు. "మాట్లాడుతుండగానే గుద్దడానికి వస్తున్నాడు చూడండి" అని కేక వేసి, కారులోకి దూకి, వెనక్కి చూడకుండా వెనక్కి పోనిచ్చాడు. కారు ఆటోను తాకింది. ఆటోవాడు బెదిరి హ్యాండిలు తిప్పాడు. ఆటో ఏటవాలుగా తిరిగి, ముక్కు ఒక గోడకీ తోక ఇంకో గోడకీ ఆనించి, సందుకు గడియ వేసినట్టు నిలిచిపోయింది.

ఇక సలహాలు మొదలయ్యాయి.

"రా, రా, రా."

"రాకు, ఆపు."

"కుడికి తిప్పు."

"ఎవరి కుడి? నీ కుడివైపా, నా కుడివైపా?"

"ఎవరిదైనా ఒకటే, ముందు తిప్పు."

పిన్ని సంచి పట్టుకుని గడపలోకి వచ్చింది. వెళ్ళిపోదామనే వచ్చింది. వెళ్ళడానికి సందు లేదు. గడపలో నిలబడి ఆ కేకలు విన్నది. తన వంటింట్లో పరాయివాళ్ళు గరిటె తిప్పుతున్నట్టు ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. సంచిని పికప్ తొట్టిలో పడేసి, చెంగు బిగించింది.

"అందరూ కాస్త నోళ్ళు మూసుకుంటారా?"

మూసుకున్నారు. పిన్ని ఆటో తొట్టిలోకి ఎక్కి అవతలివైపు దిగి, అక్కయ్య కారు వెనక నిలబడింది.

"వదినా, అద్దంలో చూడకు. నా గొంతు విను. రానీ... రానీ... కొంచెం ఎడమ... చాలు, తిన్నగా రానీ."

పెళ్ళైన నాటి నుంచి మరదలు చెప్పిన ఒక్క మాటా వినని అక్కయ్య, ఆ రోజు అక్షరం పొల్లుపోకుండా విన్నది. కారు గోడ సున్నం కూడా రాలకుండా రోడ్డు మీద పడింది. తర్వాత ఆటో. "నాయనా, నువ్వు భయపడకు. ముందుకు జానెడు పోనీ. ఇప్పుడు హ్యాండిలు పూర్తిగా తిప్పు. వెనక్కి రానీ. ఇంకో జానెడు ముందుకు." అలా జానలతో కొలిచి ఆటోను గోడల నుంచి ఊడదీసింది. ఆ తర్వాత అన్నయ్య. ఆయన మధ్యలో ఏదో చెప్పబోతే, "నువ్వు తొక్కు, నేను మాట్లాడతా" అంది. కారు రోడ్డెక్కేసరికి కిటికీల్లోంచి చప్పట్లు మోగాయి.

"భేష్" అన్నాడు అన్నయ్య చెమట తుడుచుకుంటూ. "ఇక సంచి తెచ్చుకో, పోదాం."

సంచి పికప్‌లో ఉంది. "అదీ బయటికే వస్తుందిగా" అని పిన్ని సందు మొదట్లో నిలబడి కేక వేసింది. "రానీ..."

ఆ కొసన బాబాయి బండెక్కి గేరు వేశాడు, లైట్లు ధగధగా వెలిగాయి. బండి మాత్రం కదల్లేదు.

"దారంతా కనిపిస్తోంది బాబాయ్, రా" అని ఫ్యూజు అరిచాడు. ఊహూఁ. చివరికి పిన్నే నడిచి వెళ్ళి డ్రైవరు తలుపు దగ్గర ఆగింది.

"ఏమైందండీ, గేరు పడలేదా?"

"పడింది." బాబాయి స్టీరింగు వదల్లేదు. "సంచి ఉంది కదా ఇందులో. ఈ బండి రోడ్డెక్కితే నువ్వు వెళ్ళిపోతావు."

పిన్ని తొట్టిలోని సంచి వంక చూసింది.

"ఆ వాన రోజు నీ గొంతు ఆగిపోయింది. చక్రం కింద... పడ్డావేమో అనుకున్నాను. మళ్ళీ అలా ఆగకూడదనే పెట్టించాను. నువ్వు అక్కర్లేక కాదు."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే ఇంతమందికి పెట్రోలు మిగిలేది" అంది పిన్ని. తర్వాత సంచి తీసి గడపలోకి విసిరేసి, ఫ్యూజును పిలిచింది. "ఆ లైట్లు గోడల మీద పడేట్టు పెట్టావేంట్రా? కిందికి తిప్పు. నేను నిలబడే చోట పడాలి. చీకట్లో అరిచి అరిచి ఇన్నాళ్ళు ఎవరికీ కనిపించలేదు. ఇకనుంచి కనిపిస్తాను."

ఫ్యూజు తిప్పాడు. ఏ ఫ్యూజూ పోలేదు. పిన్ని ఆ వెలుగు నడుమ వెనక్కి నడుస్తూ, "రానీ... రానీ..." అంటుంటే, పికప్ బండి పెళ్ళికొడుకులా ఆవిడ వెంట రోడ్డెక్కింది. అక్కయ్య కళ్ళు ఒత్తుకుంది. అన్నయ్య, ఎవరూ చూడటం లేదనుకుని, తన కారు వెనక వంగి అక్కడ లైట్లు ఎన్ని పడతాయో చేత్తో కొలిచాడు. ట్రాలీ ఆటో ఒక్క చెంబు కూడా ఎక్కించుకోకుండా ఖాళీగా వెళ్ళిపోయింది. ఖాళీ బండిని చూసి ఆ సందు అంత సంతోషించిన రోజు మరొకటి లేదు.

మరునాటి నుంచి రొట్టెలు కాస్త ఆలస్యంగా చేరుతున్నాయి. దుకాణంవాళ్ళు అడిగితే, బండి ఎప్పుడో సిద్ధమైందనీ, వెలుగులో నిలబడే మనిషి తల దువ్వుకోవడం ఒక్కటే మిగిలిందనీ బాబాయి చెబుతాడు.