రిపోర్టుగారి నలభయ్యో రోజు

ఇకమీదట మా జలాశయాల డైరెక్టరేట్‌లో రహస్యమనేదే ఉండదని డైరెక్టర్ ద్రాందారోవ్ గారు ప్రకటించారు. అన్న మాట నిలబెట్టుకోవడానికి ఆఫీసులోని చెక్క తలుపులన్నీ పీకించి గాజు తలుపులు పెట్టించారు. పోస్టర్లు అచ్చువేసింది నేనే కాబట్టి ప్రారంభోత్సవం నాడు ముందు వరసలో నిలబడే భాగ్యం నాకు కలిగింది.

"లోపల ఏం జరుగుతోందో ఇక ప్రతి పౌరుడూ బయటినుంచే చూడొచ్చు!" అన్నారు వారు రిబ్బను కత్తిరిస్తూ.

చూశాం. లోపల ముగ్గురు కాఫీ తాగుతున్నారు. ఇన్నేళ్లుగా తాగుతున్నారని డోల్నా క్రుష ఊళ్లో అందరికీ అనుమానమే తప్ప రుజువు లేదు. పారదర్శకత అంటే ఏమిటో ఆ రోజు మాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే సెవ్దా టీచరమ్మ చేతిలో దరఖాస్తు కాగితంతో ముందుకొచ్చింది. మా ఊళ్లో సగం మందికి భూగోళం చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూతురితో, నాలుగేళ్ల మనవరాలు యానాతో కింద వీధిలో ఉంటోంది. కింద వీధికి సరిగ్గా పైనే డ్యాం గోడ. నిరుటినుంచి ఆ గోడ మీద ఒక తడి చార కనిపిస్తోంది, ఎండాకాలంలో కూడా ఆరడం లేదు. వేసవిలో రాజధానినుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి గోడంతా సుత్తులతో కొట్టి చూశారు. టీచరమ్మ ఇంట్లో చిక్కుడుగింజల సూపు తాగారు. ఎలా ఉందయ్యా గోడ అని అడిగితే, తలెత్తకుండా "రిపోర్టులో రాస్తామండీ" అని వెళ్లిపోయారు. ఆ రిపోర్టులో ఏముందో టీచరమ్మకు తెలియాలి. పిల్లతో ఆ ఇంట్లో ఉండాలా, మూటాముల్లె సర్దుకోవాలా? ఆవిడకు కావలసింది అంతే.

"అడిగి లేదనిపించుకోవడమా? అదీ నా హయాంలో?" అన్నారు ద్రాందారోవ్ గారు, టీవీ కెమెరా ఎటుందో చూసుకుని. "పద్నాలుగు రోజుల్లో మీ చేతిలో ఉంటుంది టీచరమ్మగారూ!"

వారు పార్లమెంటుకు పోటీ చేస్తున్నారని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

సరిగ్గా పద్నాలుగో రోజున జవాబు వచ్చింది. 'మీరు కోరిన, ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన, నలభై ఒక్క పేజీల, 317 నంబరు రిపోర్టు మా కార్యాలయంలో లేదు, ఎన్నడూ ఉండలేదు.' టీచరమ్మ దాన్ని పట్టుకుని డైరెక్టరేట్‌లో దరఖాస్తుల కిటికీ దగ్గరికి వెళ్లింది. టోనర్ డబ్బాలు ఇవ్వడానికి వెళ్లిన నేను పక్కనే ఉన్నాను. కిటికీలో దెస్పా ఉంది. దరఖాస్తులు తీసుకునేదీ ఆవిడే, చట్టాలు చూసేదీ ఆవిడే.

"నేను నంబరు రాయలేదు కదమ్మా? పేజీలెన్నో నాకు తెలియనే తెలియదు."

"ఏది లేదో సరిగ్గా చెప్పకపోతే ఎట్లాగండీ? మీరు ఇంకో రిపోర్టేదో లేదనుకుంటారు."

"అయితే ఉందన్నమాట."

"లేదండీ. నేనే స్వయంగా బీరువాలో చూశాను."

"ఏం చూశావు?"

"లేకపోవడాన్ని."

టీచరమ్మ గొంతు తగ్గించింది. "దెస్పా, నువ్వు నా దగ్గర చదువుకున్నదానివి. ఆ గోడ నిలబడుతుందా? ఆ ఒక్క ముక్క చెప్పు తల్లీ. ఇంట్లో పసిపిల్ల ఉంది."

దెస్పా నోరు తెరిచింది. ఆపైన వెనక్కి చూసింది. గాజు తలుపు, దాని వెనక ఇంకో గాజు తలుపు, దాని వెనక డైరెక్టర్ గారు. వారు ఇటే చూస్తున్నారు. చెక్క తలుపులున్న రోజుల్లో ఇలాంటి సౌకర్యం ఉండేది కాదు.

"టైమైపోయిందండీ," అంది దెస్పా.

మర్నాడు టీచరమ్మ నా షాపుకొచ్చింది. "ఒక నల్ల అంచు కాగితం కొట్టాలి అబ్బాయ్."

నా షాపుకు అన్నం పెట్టేది ఆ కాగితాలే. ఇక్కడ మనిషి పోతే ఫోటోతో ఒకసారి, నలభయ్యో రోజుకు ఒకసారి, ఆర్నెల్లకు, ఏడాదికి మళ్లీ ఒకసారి గోడలకూ చెట్లకూ అంటిస్తారు. "అయ్యయ్యో, ఎవరు టీచరమ్మా?" అన్నాను.

"రిపోర్టు."

"అది చచ్చిందని మనకెలా తెలుసు?"

"ఇంజనీర్లు రాశారన్నది నిజం. ఇప్పుడు లేదన్నది వీళ్ల మాట. ఇద్దరూ పెద్దమనుషులే. మరి మధ్యలో, ఏ నలభై రోజుల కిందటో పోయి ఉండాలి కదా?"

భూగోళం టీచరుతో తర్కంలో గెలవడం నా వల్ల కాదు. అచ్చు వేశాను. 'మా ప్రియమైన 317 నంబరు రిపోర్టు అకాల మరణానికి చింతిస్తున్నాం. బతికినన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. నలభయ్యో రోజు ప్రార్థన ఆదివారం ఉదయం, చర్చి ముంగిట. దుఃఖంలో ఉన్న కింద వీధివారు.' ఫోటో ఉండాల్సిన చోట డ్యాం గోడ, దాని మీద తడి చార. బస్టాపులో, బేకరీ గోడకు, పోప్లర్ చెట్లకు అంటించాం.

ఇక్కడ ద్రాందారోవ్ గారి దయాగుణం గురించి రెండు మాటలు చెప్పాలి. ఎన్నికలు దగ్గరపడ్డాక నియోజకవర్గంలో ఏ చావునూ వారు వదల్లేదు. పోయినవాళ్లు ఓటెయ్యలేరు గానీ, వాళ్ల కోసం వచ్చినవాళ్లు వేస్తారు. డ్రైవర్ త్రయాన్ రోజూ ఊళ్లు తిరిగి నల్ల అంచు కాగితాలు చూసి వస్తాడు. కారు దిగడం బద్ధకం కాబట్టి కింద పెద్దక్షరాల్లో ఉండే రోజు, చోటు మాత్రం రాసుకుంటాడు. మిగతాది పుష్పగుచ్ఛం చూసుకుంటుంది.

ఆదివారం కింద వీధంతా చర్చి దగ్గరికి వచ్చింది. ఆడవాళ్లు పోయినవారి పేరిట పంచే ఉడికించిన గోధుమల మీద పంచదార పొడి చల్లి పళ్లేల్లో తెచ్చారు. ఫాదర్ ఒక్కడే ఒంట్లో బాగాలేదని కబురుపెట్టాడు. డైరెక్టర్ గారు మాత్రం కెమెరాతో సహా వేళకు వచ్చారు. పుష్పగుచ్ఛం పెట్టారు. దాని రిబ్బను మీద 'మరువలేని మీకు, డైరెక్టరేట్' అని ఉంది. రెండు చెంచాల గోధుమలు తిని, మూతి తుడుచుకుని మొదలుపెట్టారు.

"పోయినవారిని నేను దగ్గరగా ఎరుగుదును. ఎన్నోసార్లు నా ఆఫీసుకు వచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ముఖస్తుతి తెలియదు వారికి..."

ఈలోగా చర్చి గోడకు అంటించిన కాగితంలో ఫోటో చూడబోయిన త్రయాన్ మొహం పాలిపోయింది. పరుగున వచ్చి చెవిలో ఏదో ఊదాడు. డైరెక్టర్ గారు ఫోటో వంక చూశారు. ఇంకొకరైతే అక్కడే ఆగిపోయేవారు. కానీ కెమెరా తిరుగుతోంది, ఎదురుగా ఊళ్లోని ఓటర్లంతా చెంచాలు పట్టుకుని నిలబడ్డారు.

"...ముఖ్యంగా," అన్నారు వారు జేబురుమాలు తీస్తూ, "ఆ గోడ గురించి వారు పడిన ఆవేదన నేనెన్నటికీ మరిచిపోలేను!"

నాయకత్వం అంటే అదీ.

"అయితే ఉండేదన్నమాటే కదా సార్?" అంది టీచరమ్మ.

"ఉండేదమ్మా. ఏం చేస్తాం!"

"ఎలా పోయింది?"

"దేవుడి ఇష్టం."

"మాకోసారి చూపించండి. అందులో ఏముందో తెలిస్తే మా దారి మేం చూసుకుంటాం."

డైరెక్టర్ గారు ఇంకో చెంచా గోధుమలు తింటూ ఆలోచించారు. "పోయినవారి కాగితాలు వారసులకే ఇవ్వాలని చట్టం. వారసుల ధ్రువపత్రం లేనిదే ప్రధానమంత్రి కూడా ఏమీ చెయ్యలేరు."

"ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు?"

కెమెరా వారి వైపు తిరిగింది. "మేమే! ఎన్నికల్లోపే! అర్హులందరికీ!"

ఏడుపు మానేసి జనం చప్పట్లు కొట్టారు. మా టీచరమ్మను డైరెక్టర్ గారు ఎంత చక్కగా బురిడీ కొట్టించారో చూసి నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు దెస్పా ధ్రువపత్రాలకని బంగారు అంచు కాగితాల కోసం నా షాపుకొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"వారసులెవరో ఎలా తేల్చారు?" అని అడిగాను.

"రిపోర్టులో ఎవరెవరి ఇళ్లు ఉన్నాయో వాళ్లే. భాగాలు కూడా వేశాను. భాగం రాయకపోతే ధ్రువపత్రం చెల్లదు."

"రిపోర్టు లేదన్నావుగా?"

"అప్పుడు లేదండీ. ఇప్పుడు పోయింది కాబట్టి చదవొచ్చు." కాగితాలు తీసుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

పంపకం గుట్ట మీద, గాజు తలుపుల ముందు జరిగింది. బ్యాండు వచ్చింది, గ్లాసుల్లో రకియా సారా పోశారు. ద్రాందారోవ్ గారు ఎంత నిస్వార్థపరులో అప్పుడు తెలిసింది. "గుట్ట మీదున్న మా ఆఫీసుకు ఈ వారసత్వంలో పిసరంత భాగం లేదు. మొత్తం మీదే!" అన్నారు. భాగాలు తనకూ తెలియవని, మాతోబాటే వింటానని గర్వంగా చెప్పుకున్నారు. ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టడం వారి అలవాటు.

దెస్పా మైకు దగ్గరికి వచ్చి చదివింది.

"కింద వీధి, సెవ్దా టీచరుగారి ఇల్లు. మొదటి తరగతి వారసులు. భాగం నాలుగు మీటర్లు."

చప్పట్లు.

"బేకరీ. మొదటి తరగతి. మూడున్నర మీటర్లు. అచ్చు షాపు. రెండో తరగతి. ఒకటిన్నర."

నిజం చెప్పొద్దూ, నాకు చిన్నతనంగా అనిపించింది. బేకరీ గాంచో మాత్రం పొంగిపోయాడు. "స్థలమా అమ్మా?" అని కేకేశాడు.

"స్థలం కాదండీ. స్థలం మీద ఎత్తు."

గాంచోకు అర్థం కాలేదు, అయినా థాంక్స్ చెప్పాడు. డైరెక్టర్ గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

"ఎప్పుడొస్తుందమ్మా?" అని టీచరమ్మ అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

దెస్పా ఈసారి వెనక్కి చూడలేదు. "కొండల మీద మంచు కరిగాక అని ఉంది టీచర్."

"దానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలా?" అన్నాడు గాంచో.

"అక్కర్లేదండీ. దానంతటదే ఇళ్లకొస్తుంది."

బ్యాండు మొదలైంది. టీచరమ్మ ధ్రువపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. వంగి, పక్కనే ఉన్న మనవరాలు యానాను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంది.